నాకా దగ్గర ఆగిన బండి: ఆగ్రా రోడ్డు మజిలీల చరిత్ర

మన ఊళ్ళో ఎవరికైనా దారి చెప్పాలంటే నాకా పేరు చెప్పక తప్పదు. కల్యాణ్ నాకా, వంజార్‌పట్టీ నాకా, ధామణ్‌కర్ నాకా, నదీ నాకా. స్కూలుకు వచ్చేటప్పుడు, బజారుకు పోయేటప్పుడు రోజూ ఈ పేర్లే వాడుతాం. నాకా అంటే కూడలి అని మనలో చాలామంది అనుకుంటారు. మరాఠీలో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ఊరి మొదట్లో బండ్లను ఆపి సుంకం వసూలు చేసే చోటును నాకా అంటారు. అంటే బండి ఆగి తీరాల్సిన చోటు.

బండి ఆగితే మనిషి దిగుతాడు. దిగిన మనిషికి నీళ్ళు కావాలి, చాయ్ కావాలి, తిండి కావాలి, నడుము వాల్చడానికి కాస్త చోటు కావాలి. అవి అమ్మేవాళ్ళు అక్కడికే వస్తారు. దారి పక్కన మజిలీ పుట్టేది అలాగే. ముంబయి నుంచి ఆగ్రా వెళ్ళే పాత రోడ్డు మన భివండి లోపలి నుంచే పోతుంది. ఆ రోడ్డు మీద మజిలీలు ఎలా పుట్టాయి, ఎలా బతికాయి, ఇప్పుడు ఎందుకు కళ తప్పుతున్నాయి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

మజిలీ అంటే ఏమిటి?

మజిలీ అనే మాట మంజిల్ అనే మాట నుంచి తెలుగులోకి వచ్చింది. ఒక రోజు ప్రయాణం చేసి ఆగే చోటు అని అర్థం. మన తెలుగువాళ్ళకు మజిలీ కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసిన కాశీ మజిలీ కథలు మన పెద్దవాళ్ళలో చాలామంది చదివారు. కాశీకి నడిచిపోయే ఇద్దరు ప్రయాణికులు ప్రతి మజిలీ దగ్గర ఒక కథ చెప్పుకుంటారు.

అది కథ. నిజంగా నడిచినవారు ఏనుగుల వీరాస్వామయ్య గారు. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేశారు. 1830 మే నెలలో మద్రాసు నుంచి దాదాపు వంద మందితో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో ప్రతి మజిలీ గురించి రాసుకున్నారు. ఆ ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయా, నీళ్ళు మంచివా, దిగడానికి చోటు ఉందా అని చూసి రాశారు. ఆ రాతలన్నీ 1838లో కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకంగా అచ్చయ్యాయి. ఆ కాలంలో మజిలీ బాగుంటేనే ప్రయాణం బాగుండేది. మజిలీలో నీళ్ళు లేకపోతే వంద మందికి, వాళ్ళతో ఉన్న పశువులకు ఆ రాత్రి కష్టమే.

ఎద్దుల బండి కాలం

మన ఆగ్రా రోడ్డు మీద కూడా అంతే. ఎద్దుల బండి రోజుకు పాతిక కిలోమీటర్లు పోతే గొప్ప. థానె దగ్గర ఖాడీ అడ్డం వచ్చేది. వంతెన లేని రోజుల్లో అది దాటాలంటే పడవే దిక్కు. పడవ కదలాలంటే సముద్రం పోటు రావాలి. అంతవరకు ఎవరైనా సరే ఒడ్డున కూర్చోవాల్సిందే. ఖాడీ దాటితే భివండి. అక్కడి నుంచి పడ్ఘా, వాసింద్, షహాపూర్, ఖర్డీ, కసారా. కసారా దగ్గర థల్ ఘాట్ మొదలవుతుంది. ఘాట్ ఎక్కితే ఇగత్‌పురి. ఈ దూరం మొత్తం కలిపినా వంద కిలోమీటర్లు లేదు. కానీ బండి వాడికి అది మూడు నాలుగు రోజుల దారి. ఆ మూడు నాలుగు రాత్రులూ ఎక్కడో ఒకచోట పడుకోవాలి. ఎద్దులకు గడ్డి, నీళ్ళు చూడాలి.

భివండి అప్పట్లో రేవు ఊరు కూడా. కల్యాణ్, భివండి అని రెండు ఊళ్ళనూ జంటగా చెప్పేవారు. 1657లో ఛత్రపతి శివాజీ మహారాజ్ ఈ రెండింటినీ గెలుచుకున్నారని మనం చరిత్ర పాఠంలో చదివాం. పడవల్లో వచ్చిన సరుకు ఇక్కడ దిగి, ఎద్దుల మీద ఘాట్ ఎక్కేది. ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం మోసుకుపోయినవాళ్ళు వంజారాలు. మన తెలంగాణలో వాళ్ళనే లంబాడీలు అంటాం. వంజార్‌పట్టీ నాకా అనే పేరులో ఈ రోజుకూ ఆ మాట వినిపిస్తుంది.

రైలు వచ్చింది, మజిలీ మారింది

1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి థానెకు మొదటి రైలు నడిచింది. మరుసటి సంవత్సరం కల్యాణ్ దాకా వెళ్ళింది. 1865లో థల్ ఘాట్ మీదుగా ఇగత్‌పురి దాకా రైలు ఎక్కింది. ఈ దారి భివండిని పక్కకు వదిలేసి కల్యాణ్ మీదుగా పోయింది. ఎద్దుల బండి నాలుగు రోజుల్లో చేసే పనిని రైలు కొన్ని గంటల్లో చేసింది. దూరపు సరుకు రైలు ఎక్కింది. కల్యాణ్ పెద్ద జంక్షన్ అయింది. ఆగ్రా రోడ్డు పక్క ఎద్దులకు గడ్డి అమ్మి బతికినవాళ్ళకు అవసరం తగ్గిపోయింది.

గమనించండి, ఆ మజిలీవాళ్ళు చేసిన తప్పు ఏమీ లేదు. వాళ్ళ నీళ్ళు చేదెక్కలేదు. వాళ్ళ గడ్డి పాడవలేదు. బండి ఆగాల్సిన అవసరం పోయింది, అంతే. ఈ సంగతి ముందు ముందు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

ఆగినవాళ్ళే ఊరైపోయారు

అయితే అన్ని మజిలీలూ మూతపడలేదు. కొన్ని మజిలీలు ఊళ్ళైపోయాయి. 1857 తిరుగుబాటు తరువాత, ఆ పైన వచ్చిన కరువుల్లో ఉత్తరప్రదేశ్ వైపు నుంచి ఎందరో ముస్లిం నేతగాళ్ళు బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ ఆగ్రా రోడ్డు వెంబడే దక్షిణానికి వచ్చారు. బుర్హాన్‌పూర్, మాలేగావ్, ధూళే, భివండి. ఆగిన చోటల్లా మగ్గం పెట్టుకున్నారు. ఈ రోజు మాలేగావ్, భివండి రెండూ పవర్‌లూమ్ ఊళ్ళు కావడానికి ఆ రోడ్డే ముఖ్య కారణం.

మన పద్మశాలీలది కూడా ఇలాంటి కథే. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి పని కోసం బయలుదేరినవాళ్ళలో చాలామందికి మొదటి మజిలీ సోలాపూర్. అక్కడ 1877లోనే బట్టల మిల్లు మొదలైంది. కొందరు అక్కడే ఉండిపోయారు. కొందరు ముంబయి మిల్లులకు వచ్చారు. ఇంకొందరు భివండి చేరి సాంచెల మీద పనికి కుదిరారు. నాలుగు రోజులు పనిచేసి పోదాం అనుకున్నవాళ్ళు ఇల్లు కట్టుకున్నారు. పద్మనగర్ అలా తెలుగు బస్తీ అయింది. మనం తెలుగు మీడియంలో చదువుకుంటున్నామంటే దానికి కారణం, మన తాతలు ఒక మజిలీలో దిగి మళ్ళీ బండి ఎక్కకపోవడమే.

లారీలు, ఢాబాలు

రైలు తీసుకుపోయిన సరుకును లారీ మళ్ళీ రోడ్డు మీదికి తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక లారీలు పెరిగాయి, సాంచెలు కూడా పెరిగాయి. భివండికి నూలు సంచులు రావాలి. నేసిన గ్రే బట్ట తానులు రంగుకు, అచ్చుకు గుజరాత్, రాజస్థాన్ పోవాలి. ఇదంతా లారీల పనే. ఆగ్రా రోడ్డు మూడో నంబరు జాతీయ రహదారి అయింది. దాని పక్కన ఢాబాలు వరుసగా లేచాయి.

ఢాబా లెక్క చాలా సాదాగా ఉంటుంది. నులక మంచానికి డబ్బు తీసుకోరు. రోటీ, పప్పు తిన్నవాడు మంచం మీద ఎంతసేపైనా పడుకోవచ్చు. సిమెంటు తొట్టిలో నీళ్ళుంటాయి, స్నానం చేయొచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు. పక్కనే పంక్చర్ దుకాణం, మెకానిక్, పాన్ డబ్బా. క్లీనరు లారీకి కాపలా ఉంటే డ్రైవరు నిద్రపోతాడు. ఇది దానం కాదు, వ్యాపారమే. కానీ ఆ వ్యాపారంలో బీద డ్రైవరు నిద్రకు చోటు ఉంది.

లారీ ఎందుకు ఆగేది? మొదటి కారణం ఘాట్. పాత లారీ ఇంజన్ ఘాట్ ఎక్కితే వేడెక్కేది. రేడియేటర్‌లో నీళ్ళు పోయాలి. కాబట్టి ఎక్కే ముందు కసారా దగ్గర, ఎక్కాక ఇగత్‌పురి దగ్గర ఆగాల్సిందే. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి, చల్లారేదాకా ఆగాలి. రెండో కారణం సుంకం. ముంబయిలోకి సరుకు పోవాలంటే ఆక్ట్రాయ్ కట్టాలి. ఆక్ట్రాయ్ హద్దుకు బయట ఉండడం వల్లే భివండి చుట్టుపక్కల పల్లెల్లో గోదాములు లేచాయి. పెద్ద లారీ ఇక్కడ దిగుమతి చేస్తే, టెంపోలు కొంచెం కొంచెం సరుకు ముంబయికి మోసేవి. గోదాము దగ్గర వరుసలో నిలబడ్డ లారీ అంటే చాయ్ దుకాణానికి పది మంది గిరాకీ.

మన ఊరి బస్సులు ఆగే చోట్లు కూడా ఈ లెక్కలోవే. మా తాత చెప్పే ముచ్చట ఒకటి ఉంది. దసరాకు ఊరికి పోయేటప్పుడు రాత్రి బస్సు ఒకే హోటల్ దగ్గర ఆగేదట. అక్కడ భోజనం ధర బయట కన్నా ఎక్కువ. పక్కనే చవక హోటల్ ఉన్నా బస్సు అక్కడ ఆగదు. ఎందుకంటే ఆ హోటల్‌లో డ్రైవరుకు, క్లీనరుకు భోజనం ఊరికే పెడతారు. ఆ భోజనం ఖర్చు ప్రయాణికుల ప్లేటులో కలిసి ఉంటుంది. అందుకే మా అమ్మమ్మ ఎప్పుడూ జొన్నరొట్టె, పల్లీ కారం మూట కట్టుకునే బస్సు ఎక్కేదట. మజిలీని మరీ తీపి జ్ఞాపకంగా చెప్పుకోకూడదు అనడానికే ఇది రాశాను. అక్కడ మోసం కూడా ఉండేది, మురికి కూడా ఉండేది.

బైపాస్ వచ్చింది, నాకా పోయింది

పాత ఆగ్రా రోడ్డు థానె నుంచి కశేళి, అంజూర్ ఫాటా మీదుగా మన ఊళ్ళోకి వస్తుంది. ఊళ్ళో లారీలు ఇరుక్కుని గంటలకొద్దీ ట్రాఫిక్ ఆగిపోయేది. అందుకని ఊరి బయట నుంచి మాన్‌కోలి మీదుగా వడపే దాకా బైపాస్ వేశారు. దూరపు లారీలు ఊళ్ళోకి రావడం తగ్గింది. ఊరికి మంచిదే. కానీ పాత రోడ్డు మీద దూరపు లారీలను నమ్ముకున్న హోటళ్ళకు గిరాకీ పడిపోయింది. కొందరు బైపాస్ పక్కకు మారారు. మారడానికి స్థలం, డబ్బు లేనివాళ్ళు గోదాముల హమాలీలకు, ఆటోవాళ్ళకు వడాపావ్ అమ్ముకుంటూ ఉండిపోయారు.

తరువాత వడపే నుంచి నాసిక్ వైపు రోడ్డు నాలుగు వరసలైంది. కసారా ఘాట్‌లో ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి వచ్చాయి. ఇంజన్లు మంచివి వచ్చాయి, రేడియేటర్‌లో నీళ్ళు పోసే పని తప్పింది. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చింది. ఆ రోజుతో ముంబయి ఆక్ట్రాయ్ నాకాలు మూతపడ్డాయి. ఇప్పుడు ఒక్కసారి లెక్క వేద్దాం. ఎద్దు అలసట రైలుతో పోయింది. సముద్రం పోటు వంతెనతో పోయింది. ఇంజన్ వేడి కొత్త బండ్లతో పోయింది. సుంకం జీఎస్‌టీతో పోయింది. బండిని ఆపిన కారణాలు ఒక్కొక్కటే పోయాయి.

సమృద్ధి మార్గం

2025 జూన్ 5న సమృద్ధి మహామార్గం చివరి భాగం ఇగత్‌పురి నుంచి ఆమ్నె వరకు తెరిచారు. ఈ ఆమ్నె ఉన్నది మన భివండి తాలూకాలోనే. నాగపూర్ నుంచి ఇక్కడిదాకా మొత్తం 701 కిలోమీటర్లు. చివరి భాగం 76 కిలోమీటర్లు. అందులో ఇగత్‌పురి దగ్గర దాదాపు 8 కిలోమీటర్ల జంట సొరంగం ఉంది. కారు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతే ఈ 76 కిలోమీటర్లకు 38 నిమిషాలు. ఎద్దుల బండికి మూడు నాలుగు రోజులు పట్టిన దూరం ఇది.

నిజంగా సంతోషించాల్సిన విషయమే. అయితే ఈ రోడ్డుకు రెండు వైపులా కంచె ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికి, దిగడానికి లేదు. పక్క పొలంవాడు నాలుగు మంచాలు వేసి ఢాబా పెట్టుకోవడానికి వీల్లేదు. ప్రభుత్వం నిర్ణయించిన చోట, కాంట్రాక్టు దక్కినవాళ్ళే పెట్రోలు బంకు, హోటలు నడపాలి. 2022 డిసెంబరు 11న నాగపూర్ నుంచి షిర్డీ వరకు 520 కిలోమీటర్లు తెరిచినప్పుడు దారిలో తిండికి, విశ్రాంతికి సరిపడా చోట్లు లేవని ప్రయాణికులు, డ్రైవర్లు చాలాకాలం చెప్పుకున్నారు. 2023 జూలై 1న అర్ధరాత్రి దాటాక బుల్‌ఢాణా జిల్లా సింద్‌ఖేడ్‌రాజా దగ్గర ఇదే మార్గంలో ఒక ప్రైవేటు బస్సు ప్రమాదానికి గురై మంటలంటుకుంది. 25 మంది చనిపోయారు. ఈ మార్గంలో ప్రమాదాల మీద చర్చ జరిగినప్పుడల్లా ఒక మాట వచ్చింది. వంపు లేని, ఆగే పని లేని రోడ్డు మీద గంటలకొద్దీ నడిపితే డ్రైవరు కళ్ళు తెరిచే ఉన్నా మనసు నిద్రలోకి జారుతుంది.

అంటే బండిని ఆపే కారణాలన్నీ పోయినా ఒకటి మాత్రం పోలేదు. అది మనిషి నిద్ర. ఎద్దును మార్చాం, ఇంజన్ను మార్చాం. మనిషి ఒళ్ళు మాత్రం వీరాస్వామయ్య గారి కాలంలో ఎలా అలసిపోయేదో ఇప్పుడూ అలాగే అలసిపోతుంది. మన చట్టానికి ఇది తెలుసు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరు పని సాధారణంగా రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలుగా ఉండేది. ఐదు గంటలు పనిచేస్తే మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని ఆ చట్టంలో ఉండేది. కానీ ఆ అరగంట ఎక్కడ తీసుకోవాలి? దానికి ఒక చోటు కావాలి కదా.

రెండు పాత మజిలీల సంగతి

ఇప్పుడు భివండి నుంచి కాస్త దూరం పోయి, వేరే చోట్ల పాత మజిలీలు ఏమయ్యాయో చూద్దాం.

మొదటిది హైదరాబాదులోని షేక్‌పేట సరాయి. గోల్కొండ కోటకు దగ్గరలో, పాత ముంబయి రోడ్డు వైపే ఉంది. కుతుబ్ షాహీల కాలంలో బాటసారుల కోసం కట్టారు. రెండు అంతస్తులు, బాటసారులకు గదులు, గుర్రాలకు, ఒంటెలకు శాలలు, పక్కన మసీదు. గోల్కొండ వజ్రాల వ్యాపారం నడిచినంత కాలం అక్కడ సందడి. రాజ్యం పోయింది, ఒంటెలు పోయాయి, సరాయి పాడుబడింది. చుట్టూ పెద్ద పెద్ద భవనాలు లేచాయి. ఇటీవలి సంవత్సరాల్లో దాన్ని బాగుచేసే పని మొదలుపెట్టారు. గోడలు నిలబడతాయి. కానీ అక్కడ గుర్రం కట్టేసి పడుకునే బాటసారి మళ్ళీ రాడు. అది ఇక చూసే చోటే కానీ ఆగే చోటు కాదు.

రెండోది ఇంగ్లండులో ఉన్న వాట్‌ఫోర్డ్ గ్యాప్. ఆ దేశపు పెద్ద మోటారు మార్గం ఎమ్ 1 తెరిచిన రోజే, 1959 నవంబరు 2న, ఈ మజిలీ కూడా మొదలైంది. భవనం పూర్తి కాకపోతే షెడ్లలోనే తిండి అమ్మారు. దాన్ని నడపడానికి తీసుకున్నది బ్లూ బోర్ అనే స్థానిక కంపెనీ. ఆ చుట్టుపక్కల పాత రోడ్డు మీద పెట్రోలు బంకు నడిపినవాళ్ళే వాళ్ళు. రాత్రి కచేరీలు చేసి తిరిగిపోయే పాటగాళ్ళు, లారీ డ్రైవర్లు ఒకే చోట కూర్చుని తినేవాళ్ళని ఆ చోటుకు పేరు వచ్చింది. 1995లో ఆ కంపెనీ దాన్ని వేరే పెద్ద సంస్థకు అమ్మేసింది. అయినా ముప్పై ఐదేళ్ళు పాత రోడ్డువాళ్ళకు కొత్త రోడ్డు మీద అన్నం దొరికింది.

ఈ రెండింటి మధ్య తేడా ఏమిటి? షేక్‌పేట సరాయి రోడ్డుతో పాటు కదలలేకపోయింది. వాట్‌ఫోర్డ్ గ్యాప్‌లో పాత దుకాణంవాళ్ళను పిలిచి కొత్త రోడ్డు మీద చోటు ఇచ్చారు.

మనం అడగవలసింది

ఇది మన ఊరికి చాలా దగ్గరి విషయం. జాతీయ రహదారి 61 మన భివండి దగ్గర మొదలై కల్యాణ్, మాళ్‌షేజ్ ఘాట్, అహల్యానగర్, పర్భణి, నాందేడ్ మీదుగా నిర్మల్ చేరి, జగిత్యాల దాకా పోతుంది. అంటే మన ఇంటికీ, మన తాతల ఊరికీ ఒకే నంబరు రోడ్డు. దసరాకు, బతుకమ్మకు, పెళ్ళిళ్ళకు మన కుటుంబాలు రాత్రి బస్సుల్లో పోతూనే ఉంటాయి. మనం వెనక సీట్లో నిద్రపోతాం. ముందు ఒక మనిషి నిద్ర ఆపుకుని కూర్చుంటాడు.

పాత మజిలీలను ఉన్నవి ఉన్నట్టు కాపాడాలని నేను అనడం లేదు. రోడ్డు వెడల్పు కావాలి, ట్రాఫిక్ తగ్గాలి, అంబులెన్సు తొందరగా పోవాలి. కానీ కొత్త రోడ్డు వేసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, డ్రైవరు పడుకునే మంచం ఎక్కడ? పెట్రోలు కంపెనీలు కొన్ని బంకుల దగ్గర అప్నా ఘర్ పేరుతో డ్రైవర్లకు మంచాలు, స్నానపు గదులు ఏర్పాటు చేస్తున్నాయి. అది మంచి పని. ప్రతి పెద్ద రోడ్డు మీదా అలాంటివి ఉండాలి, అక్కడ అరగంట ఆగిన డ్రైవరుకు కూలి కోత ఉండకూడదు. రెండు, పాత రోడ్డు మీద చాయ్ అమ్ముకున్న అవ్వకు కొత్త రోడ్డు మజిలీలో నాలుగడుగుల చోటు ఎందుకు ఇవ్వరు? పెద్ద హోటలుకు ఇచ్చే జాగాలో కొంత ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్ళకు, మహిళా బచత్ గట్లకు తక్కువ అద్దెకు ఇవ్వొచ్చు. వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా బాటసారికి నీళ్ళు ఇచ్చినవాళ్ళు.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. ఈసారి ఊరికి పోయేటప్పుడు బస్సు టికెట్టు ధర అడిగినట్టే, బస్సులో రెండో డ్రైవరు ఉన్నాడా అని కూడా అడగండి. బస్సు ఆగినప్పుడు లేటవుతోందని డ్రైవరును తొందర పెట్టకండి. ఆయన ఇంకో చాయ్ తాగితే మనకు పోయేది పది నిమిషాలే.